మేకు లేని గోడలు

మొన్న ఆదివారం ఉదయం పదింబావుకి మా అక్క ఇంట్లో గోడకి మేకు కొట్టారు. వీధి చివర ఉండే ఎలక్ట్రీషియన్ వచ్చి డ్రిల్లుతో రంధ్రం చేసి, చెక్కముక్క దూర్చి, మేకు దించి, అక్క ఫొటో తగిలించాడు. "ఆగుద్దా?" అని బావ రెండుసార్లు అడిగాడు. "మనం పోయినా అది ఉంటాది బాబూ" అన్నాడతను, అందరిళ్లలోనూ అనే మాటే. అక్క పోయి నెల కాలేదు. మల్కాపురంలోని ఆ అద్దె వాటాలో వాళ్లిద్దరూ కాపురం పెట్టాక గోడలోకి దిగిన మొదటి మేకు అది.

ఇల్లుగలాయన మేకులు వద్దన్నాడని కాదు. వద్దన్నది బావే. "ఎల్లిపోయే కొంపకి మేకులెందుకు?" అనేవాడు. అందుకని క్యాలెండరు కిటికీ ఊచకి పురికొసతో వేలాడేది. అద్దం ట్రంకుపెట్టెకి ఆనుకుని ఉండేది, తల దువ్వుకోవాలంటే కింద కూర్చోవాలి. దేవుడి పటాలు బోర్లించిన అట్టపెట్టె మీద వరసగా నిలబడేవి, స్టేషన్లో బండికోసం చూస్తున్నట్టు. టీవీ వచ్చిన పెట్టె, మిక్సీ వచ్చిన పెట్టె, వాటిలోని తెల్ల థర్మోకోల్ ముక్కలతో సహా అటక మీద భద్రంగా ఉండేవి. ఆ పెట్టెలకున్న భద్రత ఆ ఇంట్లో మనుషులకి ఉండేది కాదు.

బావ తొంభైల్లో ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపు సూపర్‌వైజరు. అది మానేసి షేర్ల వ్యాపారంలోకి దిగాడు. ఎవరి కిందా పనిచేయడం కాదు, సొంతంగా. పొద్దున కొన్నది సాయంత్రంలోగా అమ్మేయడం ఆయన పద్ధతి. మొదట్లో బ్రోకరు ఆఫీసు బెంచీ మీద కూర్చునేవాడు. తరవాత కంప్యూటరు ఇంటికే వచ్చింది. ఒక ఏడాది బాగా కలిసొచ్చింది. ఆ ఏడాది కట్టిన ఆదాయపు పన్ను ఆయన్ని మార్చేసింది. పన్ను లేని దేశానికి వెళ్లిపోవాలన్న పట్టుదల అప్పుడే మొదలైంది. నిజానికి లాభం వచ్చిన సంవత్సరాలకన్నా రాని సంవత్సరాలే ఎక్కువ. రాని లాభం మీద ఎక్కడా పన్ను లేదు. ఆ లెక్కన మల్కాపురం కూడా పన్ను లేని దేశమే. ఈ మాట ఒకసారి అన్నాను. బావ వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఎదురింటాయన ఓడల్లో పనిచేసేవాడు. ఏడాదిలో సగానికి పైగా సముద్రం మీదే ఉంటాడు కాబట్టి జీతం మీద పన్ను పడదు. ఇది బావకి ఒక సాయంత్రం అరుగు మీద తెలిసింది.

"అసలేటీ కట్టవా?"

"నాను దేశంలో ఉంటే కదా బావా కట్టడానికి."

అంతే. సగం ఏడాది బయటుంటే చాలు, పన్ను మనల్ని ముట్టుకోదన్నమాట. మిగిలింది ఏ దేశంలో ఉండాలో తేల్చుకోవడమే. అప్పటినుంచి మల్కాపురం, సింధియా చుట్టుపక్కల ఎవరు ఓడ దిగి ఇంటికొచ్చినా బావ వాళ్లని టీకి పిలిచేవాడు. అక్క అల్లం వేసి టీ పెట్టేది, ఉల్లిపాయ పకోడీలు వేసేది. వాళ్లు మూడు సముద్రాలు తిరిగినవాళ్లే. కానీ ఏ దేశాన్నయినా గుమ్మంలో నిలబడి చూసినవాళ్లు. వాళ్ల దుబాయి ఓడ మెట్ల దగ్గర మొదలై, రేవు గేటు బయట టెలిఫోను బూతు దగ్గర అయిపోయేది. అక్కడ అద్దెలెంతో, అన్నం ఎవరు వండుతారో వాళ్లకి తెలియదు. బావ మాత్రం శ్రద్ధగా వినేవాడు.

"దుబాయిలో లుంగీ ఆరేసి ఎనక్కి తిరిగేసరికి అప్పడం అయిపోద్ది" అన్నాడొకాయన. సింగపూర్ గురించి ఇంకొకాయన చెప్పిందేమిటంటే, "పన్ను తక్కువే బావా. ఉమ్మితేనే ఎక్కువ." బావ కిళ్లీ వేస్తాడు. సింగపూర్ అక్కడితో పోయింది.

ఓడల వెనకవైపు రాసి ఉండే ఊరిపేరు ఆయన్ని బాగా వేధించింది. సగం ఓడల మీద పనామా అనే ఉండేది. "ఆ ఓడెప్పుడైనా పనామా ఎల్లిందా?" అని ఎదురింటాయన్ని అడిగాడు.

"ఇన్నేళ్లు తిరిగాను, పనామాలో నాను కాలెట్టనేదు. పన్ను కోసం రాయించుకుంటారు గానీ దానికీ దీనికీ ఏటి సంబంధం?"

"సూసేవా?" అన్నాడు బావ అక్కతో. "ఓడకి దొరికింది పన్ను లేని ఊరు. మడిసికి దొరకదా?"

అక్క పకోడీలు తీస్తూ, తల తిప్పకుండానే అంది: "ఓడకి పెళ్లాం నేదు."

మా నాన్న అక్కకి గాజువాక అవతల కొంత స్థలం ఇచ్చాడు. అందులో రెండు గదులు వేసుకోవాలని ఆమె కోరిక. పెద్ద కోరికేం కాదు. వంటింటి కిటికీ తూర్పుకి ఉండాలని, గూళ్లు గోడలోనే కట్టించాలని నాతో చాలాసార్లు చెప్పింది. ఆ మాట ఎత్తినప్పుడల్లా బావ, "గోడల్లో డబ్బెడితే మనం కూడా గోడలాగే ఉండిపోతాం. ఇంకొంచెం ఆగు" అనేవాడు. అక్క ఆగింది. వాళ్లకి పిల్లలు లేరు. మా ఇంట్లో ఎవరూ బావని గట్టిగా అడగలేదు. అల్లుడు కదా.

చివరికి దుబాయి ఖాయమైంది. తెలిసినవాళ్ల కంపెనీ పేరున వీసా వస్తుందన్నారు. అక్క తన కుట్టుమిషన్ పక్కింటివాళ్లకి ఇచ్చేసింది కూడా. ఆఖరి మాటగా బావ నన్ను వెంటబెట్టుకుని ద్వారకానగర్‌లో ఒక ఆడిటర్ దగ్గరికి వెళ్లాడు. కృష్ణా జిల్లా మనిషి, నెమ్మదస్తుడు. అంతా విని, "మీరు రోజూ చేసేది ఏ వ్యాపారమండీ?" అన్నాడు.

"పొద్దున కొంటాను, సాయంత్రం అమ్మేత్తాను."

"అక్కడ స్థిరపడ్డాక ఇక్కడి షేర్లలో అలా చేయనివ్వరండి. విదేశాల్లో ఉండేవాళ్లు కొన్నవి చేతికి తీసుకోవాల్సిందే, అదే రోజు అమ్మడానికి వీల్లేదు. పైగా ఇక్కడ సంపాదించినదానికి ఇక్కడి పన్ను మామూలే. ఓడల్లోవాళ్ల సంగతి వేరు. వాళ్ల సంపాదన సముద్రం మీద కదండీ."

బావ ఆయనకి నమస్కారం పెట్టి లేచాడు. సిటీ బస్సులో సింధియా వరకూ వచ్చాం. నాకు లోపల సంతోషంగానే ఉంది. ఇక ఈ గొడవ తీరింది, రెండు గదులు లేస్తాయి అనుకున్నాను. ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాం. అక్క అంతా విని, "అయితే ఇప్పుడు మేకు కొట్టించుకుందామా?" అంది.

"తొందరపడకు" అన్నాడు బావ. "మారిషస్ అని ఒకటుంది."

అక్క లోపలికి వెళ్లి టీ పెట్టింది. ఆ రోజు ఎవరూ రాలేదు. అయినా అలవాటుకొద్దీ నలుగురికి పెట్టింది.

మారిషస్ తరవాత ఇంకేదో వచ్చింది. నేను వినడం మానేశాను. ఆయన చెడ్డవాడని అనలేను. అక్కని ఒక్కనాడు కసురుకోలేదు, జబ్బు చేశాక తనే అన్నం వార్చాడు. అదే నాకు విసుగు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. గాజువాక అవతల ఆ స్థలం చుట్టూ ఇళ్లు లేచిపోయాయి. అందులో ఇప్పటికీ ఎవరివో గేదెలు కట్టేసి ఉంటాయి.

ఆదివారం సాయంత్రం ఎదురింటాయన వచ్చాడు. ఆయన ఓడ దిగిపోయి చాలా ఏళ్లయింది, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఫొటో కింద నిలబడి, "మేకు కొట్టించేసేవేటి బావా" అన్నాడు. బావ కుర్చీ చూపించాడు. కంప్యూటరు ముందు బల్ల మీద దుమ్ము ఉంది. ఇద్దరూ కిటికీలోంచి రిఫైనరీ పొగగొట్టం మీద మంట చూస్తూ కూర్చున్నారు. బావ నావైపు తిరిగి, "కిటికీ ఎటు ఉండాలంది మీ అక్క?" అని అడిగాడు.

తూర్పుకి అని చెప్పాను.

కాలం ఎవరినీ ఏ దేశానికీ తీసుకుపోదు, ఉన్నచోటే ఉంచి తను పోతుంది. ఆ ఇంట్లో ఇప్పుడు ఏ దేశం మంచిదని బావ ఎవరినీ అడగడం లేదు.