తొమ్మిది మంది పెట్టిన ఒకే తప్పు

రాహేలమ్మ రోజూ తెల్లవారి ప్రార్థన కాగానే టీ నీళ్లు పొయ్యి మీద పెట్టి ఫోను తీసేది. తన డిగ్రీ పిల్లల ఫోన్లకు ముందురోజు సాయంత్రం పంపిన మూడు ప్రశ్నలకు, కింద ఇచ్చిన జవాబుల్లో ఎవరు ఏది నొక్కారో చూసుకునేది. మార్కుల కోసం కాదు. ఎక్కడ తడబడ్డారో తెలిస్తే పాఠం అక్కడినుంచే ఎత్తుకోవచ్చని. చిన్నప్పుడు కోడుమూరు పక్క పల్లెబడిలో, తాను అర్థం కాకున్నా తలూపుతూ కూర్చున్న రోజులు ఆమె మరచిపోలేదు.

బేతంచెర్ల కాలేజీలో ఆమె చెప్పేది కెమిస్ట్రీ. 'సున్నపురాయి మీద ఆమ్లం పడితే ఏమవుతుంది?' అన్న ప్రశ్నకు ఒకరోజు తొమ్మిది మంది ఒకే తప్పు పెట్టారు: 'మెరుపు వస్తుంది.' 'బుడగలు వస్తాయి' అన్న సరైన జవాబు దాని కిందే ఉంది.

తోటి లెక్చరర్ అయ్యన్న సార్ నవ్వాడు. "ఒకడు నొక్కితే తొమ్మిది మంది నొక్కినారు మేడం! మీ ఫోను పిల్లోళ్లకు కాపీ కొట్టేది నేర్పుతాండాది. మానేయండి."

కాపీయే అయితే మానేయక తప్పదు. మధ్యాహ్నం ఆమె క్యారియర్ విప్పనే లేదు. అది చూసి అటెండర్ సుంకులమ్మ అడగకుండానే మజ్జిగ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టిపోయింది.

క్లాసులో ఆ తొమ్మిది మందిలో ఒకతైన సాజియాను మెల్లగా అడిగింది. "ఎవర్ని చూసి పెట్టినావమ్మా?"

"ఎవర్నీ చూల్లేదు మేడం. మా నాయన రోజూ చేసేదే గదా! ఈడి బండలన్నీ సున్నపురాయే. కడాకు ఆసిడ్ పొడి రుద్దితేనే బండ మెరిసేది."

"మా ఇంట్లోనూ అదే పని మేడం!" అన్నారు మిగతా ఎనిమిది మంది. అందరూ బండల పాలిష్ పనివాళ్ల బిడ్డలే.

"దేవా, నీకు స్తోత్రం" అంటూ రాహేలమ్మ కుర్చీలో కూర్చుండిపోయింది. వాకిట్లో నిలబడి విన్న అయ్యన్న సార్ తల గోక్కున్నాడు. "నేనే తప్పు నొక్కినా మేడం."

సాయంత్రం రాహేలమ్మ ల్యాబులోని ఆసిడ్ సీసా పట్టుకుని సాజియా వాళ్ల నాయన నబీ సాహెబ్ పనిచేసే చోటికి వెళ్లింది. ఆయన తన తువ్వాలు దులిపి, ఆమె కూర్చోవడానికి బండల మీద పరిచాడు. గరుకు బండ మీద ఆమె నాలుగు చుక్కలు వేయగానే చుయ్‌మని నురగ లేచింది.

"యా అల్లా! ముప్పై ఏండ్లు రుద్దినా, బండకు ఇట్ల ఉడుకొస్తాదని ఎరగనమ్మా!"

"ఇది గట్టి ఆసిడ్, నబీ సాహెబ్. నీ పొడి శానా మెత్తని ఆసిడ్, దాని బుడగలు కంటికి ఆనవు. పిల్లోళ్లు అబద్ధం చెప్పలేదు, చూసిందే చెప్పినారు." ఆమె ఫోను బయటికి తీసింది. "ఒక ఉపకారం చేసిపెట్టాలన్నా. నువ్వు పొడి రుద్దేది వీడియో తీసుకుంటా. రేపటి పాఠం నీ చేతుల్తోనే మొదలు కావాల."