ధరలతో పెరిగే బాండ్లు, పక్క క్లాసు సారు

దిల్‌సుఖ్‌నగర్‌లో చెప్పుల దుకాణం పైనున్న కోచింగ్ సెంటర్‌లో బ్యాంకు పరీక్షలకు ఎకనామిక్స్ చెప్పేదాన్ని. నాకూ పక్క క్లాసుకూ మధ్య ప్లైవుడ్ చెక్క ఒక్కటే అడ్డం. అవతల లెక్కలు చెప్పే సారుది నల్గొండ దగ్గర పల్లె. మాది తెనాలి వైపు. ఆయన గొంతు నా క్లాసులోకి, నా గొంతు ఆయన క్లాసులోకి వచ్చేవి. ఎదురుపడితే మాత్రం నమస్కారాలతో సరిపెట్టుకునేవాళ్లం.

ఒకరోజు ధరలతో పాటు పెరిగే ప్రభుత్వ బాండ్ల పాఠం వచ్చింది. మన దేశంలో వీటిని కొంతకాలం అమ్మి ఆపేశారు గాని, పరీక్షల్లో ప్రశ్నలు మాత్రం ఆగలేదు. మీరు వంద రూపాయలు పెట్టారు, ఏడాదిలో ధరలు నూటికి ఆరు పెరిగాయి, అప్పుడు మీ అసలే నూట ఆరవుతుంది, వడ్డీ కూడా ఆ నూట ఆరు మీదే ఇస్తారు అని బోర్డు మీద వేసి చూపించాను. ముందు వరసలో ఒకమ్మాయి లేచి, ఇంత మంచి బేరం ప్రభుత్వం ఎందుకు ఇస్తుంది మేడమ్ అంది. రేపు చెబుతానన్నాను. చెక్క అవతల సారు కిసుక్కున నవ్వాడు.

క్లాసులయ్యాక మెట్లమీద ఆపి, ఎందుకు నవ్వారని నిలదీశాను.

"మిమ్మల్ని చూసి కాదు మేడమ్," అన్నాడు. "గదే ప్రశ్న నన్నొకరు అడిగిండ్రు పోయినేడు. నాకూ తెల్వలే."

కోపం ఎటు పోయిందో పోయింది. చాయ్ తాగుతూ వాదించుకున్నాం, మెట్రో ఎక్కి వాదించుకున్నాం. ప్రభుత్వానికి నష్టమేనని ఆయన, నష్టమైతే ఎందుకు అమ్ముతుందని నేను. నేను దిగాల్సిన చైతన్యపురి దాటిపోయింది. రైలు ఎల్బీ నగర్ చేరుతుండగా నాకు వెలిగింది. మామూలు బాండు కొనేవాడికి రేపు ధరలు ఎంత పెరుగుతాయోనని భయం. ఆ భయానికీ కలిపి వడ్డీ ఎక్కువ అడుగుతాడు. ఆ భయం తీసేస్తే తక్కువ వడ్డీకే ఒప్పుకుంటాడు. అందరూ భయపడినంతగా ధరలు పెరగలేదా, ప్రభుత్వానికి మిగులే. మరి పెరిగితే అన్నాడాయన. పెరిగితే ఎక్కువ కట్టాల్సిందే, కానీ ధరలతో పాటు పన్నుల రాబడీ పెరుగుతుంది కదా అన్నాను. ఆయన ప్లాట్‌ఫాం మీదే చప్పట్లు కొట్టాడు. కూరగాయల సంచితో పోతున్న ఒకావిడ మాకేదో ఉద్యోగం వచ్చిందనుకుని, సల్లగుండుండ్రి బిడ్డా అని దీవించింది.

మర్నాడు చెక్క పక్కకు జరిపించి రెండు క్లాసులూ కలిపాం. ఆయన ప్రభుత్వం, నేను దాచుకున్న డబ్బుతో బతికే ముసలావిడ. చున్నీ తలమీద కప్పుకుని, నడుం వంచి వచ్చాను.

"మీ పైసలకు ధరల దెబ్బ తగలది," అన్నాడు ప్రభుత్వం. "మరి వడ్డీ జర తగ్గించుకోవాలె."

తగ్గించుకుంటాను గాని, ధరలు పడిపోతే నా అసలుకు ఎసరు పెట్టవు కదా నాయనా అన్నాను. గడువు తీరిననాడు పెట్టినదానికన్నా తక్కువ ఇయ్యనని మాటిచ్చాడు. బేరం ముదిరింది. పిల్లలు నా వైపు కొందరు, ఆయన వైపు కొందరు చేరి కేకలు. చివరికి ఒక వడ్డీకి ఒప్పుకుని చేతులు కలిపాం. వెనక బెంచీలోంచి ఎవరో, "ఇద్దరికీ మంచిగ కుదిరింది సార్," అన్నారు. క్లాసంతా గొల్లుమంది. నా ముఖం వేడెక్కింది. సారు చేతిలో సుద్దముక్క పొడైపోయింది.

ఆ తర్వాత వాదించుకోవడానికి కొత్త పాఠాలు వెతుక్కున్నాం. ద్రవ్యలోటు అయింది, రెపో రేటు అయింది. సిలబస్ అయిపోవస్తుండగా ఒక సాయంత్రం కర్మన్‌ఘాట్ గుడి నుంచి చంపాపేట్ వైపు నడుస్తుంటే ఆయన ఆగాడు.

"మా ఇంట్ల చెప్పిన. మీ ఇంట్ల మీరు చెప్తరా?"

ఏమని చెప్పాలో నేను అడగలేదు. నవ్వు ఆగక పక్కనున్న అరటిపండ్ల బండి పట్టుకుని నిలబడ్డాను. బండావిడ ఎన్ని కావాలని అడిగింది. ఆ కంగారులో ఆయన బండిలో సగం కొనేశాడు. కనపడినవాళ్లకల్లా పండ్లు పంచుతూ వెనక్కి తిరిగి ఎల్బీ నగర్ దాకా నడిచి, అక్కణ్నించి అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ ఎత్తగానే ఫోన్ ఆయన చేతిలో పెట్టాను.

"నమస్తే అత్తమ్మా," అన్నాడు. "తిన్నరా?"

అవతల అమ్మ నవ్వడం నా వరకూ వినిపించింది.