పెద్దమ్మ కత్తెరకు చిక్కిన నాలుగు వేళ్ళు

"ఈ వారం కొత్తది నేర్చుకున్నానే" అని మా పెద్దమ్మ ఫోన్ చేసిందంటే మా ఇంట్లో ఎవరికి వాళ్ళకు అర్జెంటు పనులు గుర్తొస్తాయి. నేర్చుకోవడం ఆవిడ వంతు, దాన్ని తగిలించుకుని తిరగడం మా వంతు. మా నాన్నకు ఒక చెయ్యి మామూలుగానూ, రెండో చెయ్యి మోకాలి దాకానూ ఉండే స్వెట్టరుంది. ముందు చిన్న ముక్క అల్లి కొలత చూసుకోమని టీచరు చెబితే, ఆ ముక్క అల్లే టైములో ఒక చెయ్యి అల్లెయ్యొచ్చు అందట. అల్లేసింది కూడా.

నా పుట్టినరోజుకి, తెరవగానే లోపల్నించి కాగితం పువ్వు స్ప్రింగు మీద లేచి నిలబడే కార్డు ఇచ్చింది. అది లేచి నిలబడి ఊరుకోలేదు, నా కంట్లో పొడిచింది. అలాంటిదే ఇంకోటి, తన పాత ఆఫీసరు పోయినప్పుడు సంతాపం తెలుపుతూ వాళ్ళింటికి పంపింది. కార్డు తెరిచిన పెద్దకొడుకు కుర్చీలోంచి ఎగిరిపడ్డాడని, అప్పటిదాకా ఏడుస్తున్నవాళ్ళు నవ్వాపుకోలేక ఒక్కొక్కరే బయటికి వెళ్ళిపోయారని తర్వాత తెలిసింది. పెద్దమ్మ కించిత్తు కూడా సిగ్గుపడలేదు. వాళ్ళ దుఃఖం తేలికపడిందిగా, కార్డు చేసే పని అదేగా అంది.

ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. కంటి ఆసుపత్రిలో పేషెంట్లకు నంబరు చీటీలిచ్చే కౌంటర్లో కూర్చుని జీవితం గడిపిన మనిషి. పోట్లాటకు వచ్చినవాళ్ళు క్షమాపణ చెప్పుకుని, వెనక్కి వెళ్ళి లైన్లో నిలబడేవాళ్ళు. రిటైరైనా, చింత చచ్చినా పులుపు చావలేదు. మా పెద్దనాన్న చెవి మిషను వార్తలప్పుడు మాత్రమే పెట్టుకుంటాడు. మిగతా కాపురమంతా ఆయన చిరునవ్వుతో నడిపించేశాడు.

రిటైరయ్యాక ఆ నోటికి పనిలేక, చేతులకు పని కల్పించుకుంది. పెయింట్ల కొట్టు పైన హాల్లో శనివారాలు క్లాసు జరుగుతుంది. ఫోటోలు కత్తిరించి ఆల్బమ్‌లో అలంకరించడం, కార్డులు చెయ్యడం, ఊలుతో అల్లడం, మూడూ అక్కడే నేర్పుతారు. నేర్పే ఆవిడకు మేం పెట్టుకున్న పేరు అంచుల టీచరు, ఎందుకంటే ఆవిడ నోట్లోంచి 'అంచు' అన్న మాట లేకుండా వాక్యం రాదు. నేర్చుకున్నదాన్ని చెయ్యి తిరిగేదాకా పదిసార్లు చెయ్యడం అందరి పద్ధతి. మా పెద్దమ్మకు ఒక్కసారి చేస్తే మోజు తీరిపోతుంది, వచ్చే శనివారం ఇంకోటి కావాలి.

మా అమ్మ దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. బట్టలుతికి ఇస్త్రీ చేసే దుకాణంలో, వచ్చిన ప్రతి బట్టకూ చీటీ కుట్టి, పోయేటప్పుడు సరిచూసి అప్పగించే పని ఆమెది. ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగివ్వాలి, అది తప్ప ఆమెకు వేరే వేదాంతం లేదు. ఊడిపోయిన గుండీని కూడా పొట్లం కట్టి చొక్కా జేబులో పెడుతుంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే తల్లి కడుపున పుట్టారంటే మా నాన్న ఇప్పటికీ అనుమానంగానే చూస్తాడు.

ఆ తల్లిది ఒకే ఒక్క ఫోటో ఉంది. స్టూడియోలో పూల తెర ముందు మా అమ్మమ్మ కుర్చీలో కూర్చుని ఉంటుంది, పక్కన ఎత్తు పీట మీద రెండేళ్ళు నిండని మా అమ్మ నిలబడి ఉంటుంది. అమ్మ భుజం మీద వెనకనించి వచ్చిన నాలుగు వేళ్ళు ఉంటాయి. ఆ ఫోటో తీసిన కొద్ది నెలలకే అమ్మమ్మ పోయింది. పెద్దమ్మకు అప్పటికి ఊహ తెలుసు. తల్లి గొంతు, తల్లి తిట్లు, జడ వేస్తే పీకిన నొప్పి, అన్నీ గుర్తే. అమ్మకు ఏమీ గుర్తులేదు. ఆమెకున్నదల్లా ఆ వేళ్ళే. ఎప్పుడైనా మనసు బాగోకపోతే బీరువాలోంచి ఫోటో తీసి, ఆ వేళ్ళ మీద తన బొటనవేలు పెట్టుకుని కాసేపు కూర్చుంటుంది. నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. ఫోన్లో దాని బొమ్మ తీసి ఇచ్చాను గానీ, వేలు పెడితే స్క్రీను జరిగిపోయి అమ్మమ్మ ముక్కు వస్తోందని విసుక్కుంది.

అలాంటి ఫోటోని, అక్క ఆల్బమ్ చేస్తానంటే నమ్మి చేతికిచ్చింది. ప్రతి బట్టకూ చీటీ కుట్టే మనిషి, దానికి కుట్టలేదు.

ఆ వారం క్లాసులో బొమ్మ అంచు వెంటే కత్తిరించడం నేర్పారు. మనుషుల్ని మాత్రం ఉంచి, కుర్చీ కోళ్ళు, తెరలు, పక్కనించి వచ్చిన చేతులు, అనవసరమైనవన్నీ తీసెయ్యాలి. ముందు నకలు తీసుకోండి, అసలు ఫోటో జోలికి వెళ్ళకండి అని అంచుల టీచరు మొత్తుకున్నప్పుడు, మా పెద్దమ్మ పక్క బల్ల ఆవిడతో ఫ్యాను వేగం గురించి తగువులో ఉంది. తగువు గెలిచి, ఫ్యాను తగ్గించి, వచ్చి కూర్చుని, అసలు ఫోటోని కత్తిరించేసింది. తల్లీ బిడ్డా మిగిలారు. పీట పోయింది, తెర పోయింది, వేళ్ళు పోయాయి. భుజం దగ్గర అంచు సరిగ్గా రాలేదని అక్కడ ఒక కాగితం లేసు పువ్వు అంటించింది.

మూడు వారాల తర్వాత ఆ పేజీని పెద్దమ్మ మా ఇంటికి తెచ్చి, కానుక విప్పినట్టు విప్పింది. అమ్మ చాలాసేపు చూసింది. పువ్వుని గోటితో ఎత్తి కింద చూసింది.

"చెయ్యేది?" అంది.

ఏ చెయ్యి అని పెద్దమ్మ అడిగింది.

"అమ్మ చెయ్యి. నా భుజం మీద ఉండేది. అమ్మ చెయ్యి కోసేశావా అక్కా?"

పెద్దమ్మ నోరు తెరిచింది. ఇక చూడండి తమాషా అని నేను సర్దుకుని కూర్చున్నాను. ఆవిడ నోరు మూసేసింది. ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను, తెరిచిన నోరు మాట రాకుండా మూసుకోవడం అదే మొదటిసారి. తప్పు చేసినందుకు నోట మాట రాలేదు కాబోలు అనుకున్నాను. అమ్మ పేజీని అక్క చేతిలో పెట్టి, ఆ వేళ్ళు దొరికేదాకా తన గడప తొక్కొద్దని చెప్పి, వెళ్ళి కుక్కరు పెట్టుకుంది.

పెద్దమ్మ మొదట తనకు తెలిసిన దారిలో రాజీకి వచ్చింది. అంటే ఇంకో కొత్తది నేర్చుకుంది. రెండు మేజోళ్ళు ఒకే సూదుల మీద, ఒకదాని కడుపులో ఒకటి ఉండేలా అల్లే పద్ధతి. పూర్తయ్యాక లోపలిదాన్ని పట్టి లాగితే రెండూ విడివిడిగా బయటికొస్తాయి. చూడ్డానికి గారడీలా ఉంటుంది. కాకపోతే రెండు దారాలూ ఎక్కడా పెనవేసుకోకూడదు, అల్లుతున్నంతసేపూ నోరు మూసుకుని ఉండాలి. ఆ రెండో షరతు దగ్గర పని చెడింది. మేజోళ్ళు నా చేత పంపితే మా నాన్న ఒకటి, నేను ఒకటి పట్టుకుని తాడు లాగే ఆట ఆడినంత పని చేశాం. అవి రాలేదు. అమ్మ వాటిని మడతపెట్టి, కవర్లో పెట్టి, వెనక్కి తీసుకుపొమ్మంది.

"దానికి అమ్మ మొత్తం దొరికింది. నాకు మిగిలినవి ఆ నాలుగు వేళ్ళు. అవి కూడా దానికి అడ్డమొచ్చాయి" అంది. ఆ మాట నేను పెద్దమ్మకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను.

ఆ రోజే పెద్దమ్మ ఇల్లంతా తిరగేసింది. కత్తిరించగా మిగిలిన ముక్కలేవీ ఆవిడ పారెయ్యదు, ఒక బిస్కెట్ డబ్బాలో పోస్తుంది. డబ్బా ఖాళీగా ఉంది. ఎందుకంటే ఫోటో కత్తిరించిన మరుసటి వారమే క్లాసులో తుక్కుని వాడుకోవడం నేర్పారు. నొక్కితే కాగితాన్ని పువ్వులాగా, సీతాకోకచిలుకలాగా కత్తిరించే చిన్న అచ్చులుంటాయి. మా పెద్దమ్మ డబ్బాలో ఉన్నదంతా వాటికింద పెట్టి నొక్కి, కార్డుల మీద అంటించి, గుర్తొచ్చినవాళ్ళందరికీ పంపేసింది. మా అమ్మమ్మ చెయ్యి ఎవరింట్లో ఏ పువ్వై పూసిందో దేవుడికెరుక.

నేను స్కూటరు తీశాను. వెనక పెద్దమ్మ, ఆవిడ ఒళ్ళో సంచి, సంచిలో కత్తెర.

మొదట పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన తన కార్డుని రిసెప్షన్ బల్ల మీద నిలబెట్టాడు. అందులో పూలన్నీ పూల తెర ముక్కలే. తర్వాత పెద్దమ్మ ఆసుపత్రిలో కంటి చుక్కలు వేసే నర్సు ఇల్లు. ఆవిడ కార్డులో పీట కాలు ఒక గుండెలాగా తయారై ఉంది. ఆవిడ మాకు టీ ఇచ్చి, స్ప్రింగు కార్డు పంపనందుకు పెద్దమ్మకు థాంక్స్ చెప్పింది.

అక్కణ్ణించి పెద్దమ్మ ఇంటి పై అంతస్తులో ఉండే గిటారు మాస్టారి దగ్గరికి వెళుతుంటే, సిగ్నల్ దగ్గర వెనకనించి ఆవిడ మాట వినిపించింది.

"అది అమ్మ చెయ్యి కాదే. నాది."

నేను వెనక్కి తిరిగేలోపు లైటు మారి, వెనక బండివాళ్ళు హారన్లు మోగించారు. బండి పక్కకు తీసి ఆపాను. పీట మీద చెల్లి ఒక్క క్షణం కుదురుగా నిలబడలేదట. ఫోటోగ్రాఫరు విసుక్కుని, పెద్దమ్మని పీట వెనక తెరలోపల కూర్చోబెట్టి, పిల్ల కదలకుండా పట్టుకోమన్నాడు. అమ్మమ్మ చేతులు రెండూ ఆమె ఒళ్ళోనే కొంగు మాటున ఉన్నాయి. క్లాసులో అనవసరమైనవి తీసెయ్యమన్నప్పుడు, పెద్దమ్మ తీసేసింది తన చేతినే. చెల్లెలు దాన్ని ఇన్నేళ్ళుగా ఏమనుకుని దాచుకుందో ఆవిడకు అప్పటిదాకా తెలియదు.

మరి ఆ రోజే చెప్పొచ్చుగా, గొడవ అక్కడికక్కడే తేలిపోయేదిగా అన్నాను. నాకు నిజంగా కోపమొచ్చింది. ఆ మాట ఒక్కటి చెబితే అమ్మ నోట మాట ఉండదు.

"చెప్తాను. ఎందుకు చెప్పను? ముక్క దాని చేతిలో పెట్టి మరీ చెప్తాను. నా చెయ్యి నేను కోసుకుంటే దానికేంటట?" అంది పెద్దమ్మ. మాస్టారి ఇల్లు వచ్చేదాకా కౌంటరు గొంతుతో అదే మాట రకరకాలుగా చెప్పి చూసుకుంది.

గిటారు మాస్టారు మెట్ల మీద జారిపడి కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. తొందరగా కోలుకోవాలని పెద్దమ్మ పంపిన కార్డుని ఎదురుగా గోడకు అంటించుకున్నాడు. దాని మీద సీతాకోకచిలుక ఎడమ రెక్కలో నాలుగు వేళ్ళు. ఒక వేలి కొస అచ్చు కింద పోయింది గానీ, మిగతావి స్పష్టంగా ఉన్నాయి. ఆయన మాత్రం ఇవ్వనన్నాడు. తనకు వచ్చిన కార్డు అదొక్కటేనట. చివరికి రెక్క వరకు కోసుకునేలా ఒప్పందం కుదిరింది. బదులుగా పెద్దమ్మ సంచిలోంచి ఆ అతుక్కుపోయిన మేజోళ్ళు తీసి ఇచ్చింది. ఒక కాలికే మేజోడు కావాల్సిన మనిషికి, రెండు పొరలున్న ఒంటి మేజోడు. ఆయన వేసుకుని, వెచ్చగా ఉందని మెచ్చుకున్నాడు. మా పెద్దమ్మ చేతిపని ఒకరికి సరిపోవడం నా ఎరుకలో అదే మొదలు.

సాయంత్రం దుకాణం కట్టేశాక అమ్మ ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ గడప బయటే నిలబడి ఉంది. దొరికిందని చెప్పింది. అమ్మ పక్కకు జరిగి దారిచ్చింది. (అమ్మ బట్టల చీటీలు తప్ప ఏమీ చదవదు కాబట్టి ఇదంతా ధైర్యంగా రాస్తున్నాను.)

బల్ల మీద పేజీ పరిచాం. పెద్దమ్మ లేసు పువ్వుని పట్టకారుతో పీకేసింది. రెక్క వెనక కాస్త జిగురు రాసి, అమ్మ భుజం దగ్గర పెట్టి నొక్కింది. చూడ్డానికి పిల్ల భుజం మీద సీతాకోకచిలుక సగం వాలినట్టుంది. అతుకు అతుకులాగే ఉంది. అయినా వేళ్ళు వచ్చి కూర్చున్నాయి.

పెద్దమ్మ వెనక్కి జరిగి, నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుంది. ఆ సవరింపు నాకు తెలుసు. ఎదుటివాడి వాదన అయిపోయిందని దానర్థం.

అమ్మ బొటనవేలు ముక్క మీద పెట్టింది. మెల్లిగా, జిగురు కదులుతుందేమో అన్నట్టు.

"వేళ్ళెంత సన్నగా ఉన్నాయో" అంది. "ఇన్నాళ్ళూ గమనించలేదు. అమ్మ అంత బక్కగా ఉండేదా అక్కా?"

పెద్దమ్మ ఫోటో వైపు చూసింది. చెల్లెలి బొటనవేలి వైపు చూసింది.

"నిన్ను కన్నాక చిక్కిపోయింది" అంది.

"గట్టిగా పట్టుకుంది కదూ."

"పట్టుకోక? నువ్వు కుదురుగా ఉండే రకమా? వదిలితే కింద పడుండేదానివి."

అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మా నాన్న మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళి, అక్కడే ఉండిపోయాడు. ఏడుస్తూనే అమ్మకు మళ్ళీ కోపం పొంగింది. కొంగుతో ముక్కు తుడుచుకుని అక్క మీదికి తిరిగింది.

"ఇలాంటి చేతిని ఎలా కొయ్యబుద్ధేసింది నీకు? చెప్పు. నోరుందిగా, చెప్పు."

నేను పెద్దమ్మ మొహంలోకి చూశాను. దారంతా సాధన చేసుకుంటూ వచ్చిన జవాబు ఆవిడ దగ్గర సిద్ధంగా ఉంది. ఆవిడ తన చేతులు రెండూ ఒళ్ళోకి తీసుకుని, సంచి మాటున దాచుకుంది.

"తప్పయిపోయిందే చెల్లీ" అంది పెద్దమ్మ. "అమ్మ చెయ్యి అని చూసుకోలేదు."