చేయని తప్పుకు మాఫీ

జర్మనీలో, కొలోన్‌లో రంజాన్ నెల ఇఫ్తారు కోసం కాచిన గంజిలో నేను పంది కొవ్వు వేశానన్నది నా మీద పడిన నింద. నేను వేయలేదు. చివరిదాకా దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. వేసింది వెన్న కాచిన నెయ్యి. ఆ సంగతి నాతోపాటు ఇంకొక మనిషికి తెలుసు. ఆమె నోరు విప్పలేదు. పంది కొవ్వు అన్నవాళ్ళ మీద నాకు పెద్దగా కోపం లేదు. వాళ్ళకు తెలియక అన్నారు. తెలిసి మాట్లాడని మనిషి గురించే ఇదంతా రాస్తున్నాను.

నేను అక్షరాలు దిద్దింది నలభై దాటాక, వయోజన విద్య బడిలో. మాది ఒంగోలు అవతల సముద్రం వైపు ఊరు. మేం దూదేకుల వాళ్ళం. నమాజు అరబ్బీలో చదువుతాం, తిట్టుకోవడం, ఏడవడం, నవ్వడం అంతా తెలుగులోనే. ఉర్దూ నాకు ముక్కలు ముక్కలుగా అర్థమవుతుంది కానీ తిరిగి మాట్లాడటం రాదు. కూతురికి కొలోన్‌లో ఉద్యోగం వచ్చాక మనవరాలిని చూసుకోవడానికి నేనూ వచ్చాను. పిల్లను పొద్దున కీటాలో, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, దించడం, సాయంత్రం తీసుకురావడం నా పని.

ఆ కీటా గేటు దగ్గరే ఆమె పరిచయమైంది. నేను మనవరాలిని పేరు పెట్టి పిలిచి అరుస్తున్నాను.

"ఏందే నీ గోల! బూట్లు తొడుక్కుంటావా, ఇక్కడే ఒదిలేసి పోమంటావా?"

పక్కనే మనవడి చేయి పట్టుకుని నిలబడ్డ ఆవిడ పక్కున నవ్వింది. "మీరు తెలుగులనే తిడ్తున్రు, పిల్ల పేరేమో మనోళ్ళ పేరు. ఏ ఊరు ఆపా మీది?"

ఆమెది హైదరాబాదు. నాకంటే పదేళ్ళు చిన్న. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటోంది. ఆ రోజు నుంచి నాకు చెల్లెలు లేని లోటు తీరిందనుకున్నాను. డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే టైము, తీసుకోవడం, ట్రామ్‌లో టికెట్ కొట్టడం, చెత్త ఏ డబ్బాలో వేస్తే పక్కింటి ముసలాయన అరవడో తెలుసుకోవడం, అన్నీ ఆమె నేర్పినవే. తెలుగు అక్షరాలు పంతులు నేర్పితే, ఈ దేశపు అక్షరాలు ఆమె నేర్పింది. పలక లేదు, బలపం లేదు. సూపర్ మార్కెట్లో అరల ముందు నిలబెట్టి, ప్యాకెట్ల మీద వేలు పెట్టించి చదివించేది.

"గిది చదువు ఆపా."

"బు... బుటర్... ష్... ఏందమ్మా ఇది, మాటా, గూడ్సు బండా?"

"బుటర్‌ష్మాల్ట్స్. బుటర్ అంటే వెన్న. వెన్న కాస్తే ఏమైతది? మన నెయ్యే. ఇండియా దుకాణంల దొరికే నెయ్యికి దీనికి ఏం ఫరక్ లేదు."

"నా నోరు తిరగట్లా తల్లీ."

"అయితే వెనక ముక్క పట్టుకో. ష్మాల్స్ అను, అయిపాయె. మనకు మనకు తెలుస్తది కదా."

అలా మా ఇద్దరి మధ్య నెయ్యికి ష్మాల్స్ అన్న పేరు పడింది. ఫోన్ చేసి, "ఆపా, ష్మాల్స్ అయిపోయింది, వస్తవా దుకాణంకు?" అనేది. "నీ ష్మాల్స్‌తో పెసరట్టు కాల్చా, తినిపో" అనేదాన్ని. వెనక ముక్క ఒక్కటే పలికితే ఈ దేశంలో పంది కొవ్వు అని అర్థమట. నాకు తెలియదు. ఆమెకు తెలుసో లేదో ఈనాటికీ నాకు తెలియదు.

రంజాన్‌లో శనివారం శనివారం మన వాళ్ళంతా ఒక హాలు అద్దెకు తీసుకుని ఇఫ్తారు చేసేవారు. హైదరాబాదు కుటుంబాలు, చదువుకునే పిల్లలు. ఆడవాళ్ళ వైపు మాటలన్నీ ఉర్దూలోనే సాగేవి. ఆమె నా పక్కన కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెప్పేది. ఎవరైనా జోకు వేస్తే అందరూ నవ్వేశాక నేను నవ్వేదాన్ని. "మా ఆపా నవ్వు ట్రామ్ లాగ, జర లేటుగ వస్తది" అని ఆమె అంటే వాళ్ళు మళ్ళీ నవ్వేవారు. నాకు అది ముద్దుగానే ఉండేది.

మా వైపు రంజాన్‌కు మసీదుల్లో గంజి కాస్తారు. బియ్యపు నూక, పెసరపప్పు, ఖీమా, పుదీనా వేసి, పైన నేతిలో ఉల్లిపాయ వేయించి పోస్తారు. మొదటి రెండు శనివారాలు అందరూ హలీమ్ తెచ్చారు. మూడో శనివారం నేను గంజి కాచుకుపోయాను. కొత్తగా వచ్చిన డాక్టరు భార్య ఒకామె రెండో గిన్నె పెట్టించుకుంటూ తెలుగులోనే అడిగింది.

"వాసన ఎంత బాగుంది ఖాలా! నెయ్యి ఊరి నుంచి తెప్పించుకుంటారా?"

"ఊరినుంచి ఎక్కడ తెస్తామమ్మా. ఇక్కడి ష్మాల్సే" అన్నాను, గొప్పగా.

ఆ పిల్ల ముఖం మాడిపోయింది. గిన్నె కింద పెట్టింది. పక్కామెతో ఏదో అంది. పక్కామె ఫోన్‌లో వెతికింది. ఫోను చేతులు మారింది. ఒకామె నోట్లో ముద్ద కాగితంలో ఊసేసింది. ఇంకొకామె పిల్లవాడి చేతిలో గిన్నె లాక్కుంది. పొద్దంతా ఉపవాసం ఉండి దీంతోనా విప్పాం అని ఒక పెద్దామె తల పట్టుకుంది. నాకు అర్థమయ్యేసరికి నా చుట్టూ ఎవరూ లేరు, డేగిసా ఒక్కటే ఉంది.

"కాదమ్మా, అది నెయ్యి, వెన్న నెయ్యి" అంటున్నాను. తెలుగు వచ్చిన వాళ్ళు కూడా వినడం లేదు. నేను ఆమె వైపు తిరిగాను. గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. అదే గంజి ఆమె కూడా తాగుతోంది.

"నువ్వు చెప్పు చెల్లీ. నువ్వు చెప్తే ఇంటారు."

ఆమె నా వైపు చూడలేదు. వాళ్ళ వైపు చూసి, ఉర్దూలో అంది. "మేరేకు క్యా మాలూం, కౌన్ అప్నే కిచెన్ మే క్యా డాల్తే." నాకేం తెలుసు, ఎవరి వంటింట్లో వాళ్ళు ఏం వేస్తారో అని. ఆ ఉర్దూ ముక్క నాకు బాగానే అర్థమైంది. ఏడాదిన్నరగా నాతో తెలుగు తప్ప మాట్లాడని మనిషి, నా ముందు నిలబడి నాకు రాని భాషలో నన్ను వదిలేసింది. ఆ రోజు ఆ మాట నాకు తెలుగులో చెప్పడానికి పక్కన ఎవరూ లేరు, అవసరమూ పడలేదు.

గంజి చెత్తబుట్టలో పోశారు. డేగిసా నేనే కడుక్కున్నాను.

ఇంటికి వచ్చి చెప్తే నా కూతురు మండిపడింది. డబ్బా ఫోటో తీసి, వెన్న నుంచి చేసిందని జర్మన్‌లో రాసి ఉన్న చోట గీత గీసి, ఇఫ్తారు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఇక తేలిపోయిందనుకున్నాను. గ్రూపు పెద్దాయన జవాబు పెట్టాడు: అమ్మగారి నీయత్, ఉద్దేశం, మంచిదే, తెలియక జరిగిన పొరపాటు, అల్లా మాఫ్ చేస్తాడు, ఇక ఈ విషయం ఎవరూ ఎత్తవద్దు. దాని కింద అందరూ ఆమీన్ పెట్టారు. ఆమె కూడా ఆమీన్ పెట్టింది.

ఈ మాఫీ నన్ను నిందకంటే ఎక్కువ కాల్చింది. నింద వేస్తే కాదని అరవొచ్చు. మాఫ్ చేసేశాం పొమ్మంటే ఏమని అరవాలి? డబ్బా చూపించినా, ఆ రోజు ఏ డబ్బా వాడిందో ఎవరికి తెలుసు అన్నారట. తెలుగు సాయిబులు, చదువు రాని ముసలామె, హలాల్ హరామ్ ఏం తెలుస్తుంది పాపం అన్నారట. నా అత్త తిట్టినప్పుడు కూడా నన్ను ఎవరూ పాపం అనలేదు. ఆ మాట పడి తిరగడం నాకు అలవాటు లేదు.

"ఇక ఆ హాలుకు పోమాక అమ్మా" అంది నా కూతురు.

"పోకపోతే నిజంగానే వేశాననుకుంటారు."

"పోతే ఏమనుకుంటారు?"

"వేసి కూడా సిగ్గు లేకుండా వచ్చిందనుకుంటారు. అయినా పోతా."

పోయాను. ఆ రంజాన్‌లో మిగిలిన ప్రతి శనివారమూ పోయాను. ఆమె నాకు దూరంగా కూర్చునేది. కీటా గేటు దగ్గర కూడా ఫోన్ చెవిలో పెట్టుకుని వచ్చేది, అటునుంచి ఎవరూ మాట్లాడటం లేదని నాకు తెలుస్తూనే ఉండేది. ఆమె మనవడు మాత్రం పరిగెత్తుకొచ్చి నా చున్నీ పట్టుకునేవాడు. వాడి చేయి విడిపించుకోవడమే నాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది.

సబర్ అంటే, ఓర్పు అంటే, ఏమీ అనిపించకపోవడం అని కొందరు అనుకుంటారు. నాకు అన్నీ అనిపించాయి. సజ్దాలో నుదురు నేలకు ఆనించి ఆమె పేరు పెట్టి అల్లాకు చాడీ చెప్పాను. శాపం నాలుక చివరిదాకా వచ్చింది. అన్యాయం పడ్డవాళ్ళ దువాకు, అల్లాకు మధ్య తెర ఉండదని మా అమ్మ చెప్పేది. నిజంగానే తగిలితే ఎవరికి తగులుతుందో అని భయం వేసింది. ఆ పిల్లవాడు గుర్తొచ్చేవాడు. నోరు మూసుకునేదాన్ని. మంచితనం కాదు, భయం. సబర్‌లో భయం కలిసి ఉంటే అల్లా ఒప్పుకుంటాడో లేదో ఆయనకే తెలియాలి.

ప్రవక్త గారి ఇల్లాలి మీదే నింద వేశారు, నీదెంత అని మా అల్లుడు ఓదార్చాడు. ఆ కథ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ తల్లి ఏడ్చి ఏడ్చి, యాకూబ్ ప్రవక్తలా సబర్ పడతానని చెప్పి ఊరుకుంది. ఆమె మచ్చ లేనిదని పైనుంచి వాక్యం దిగింది. "నా గంజి కోసం ఎవరూ దిగి రారు నాయనా" అన్నాను. వెటకారానికి అనలేదు. అది నాకు తెలిసిన నిజం. నా సంగతి ఈ లోకంలో తేలకపోవచ్చు. తేలకపోయినా ఆయనకు తెలుసు అన్నది ఒక్కటే పట్టుకుని నిలబడాలి. చెప్పడం సులువే. బతికి చూస్తే తెలుస్తుంది.

ఏడాది తిరిగింది. షబే బరాత్ వచ్చింది. ఆ పండుగకు ముందు హైదరాబాదు వాళ్ళు ఒకరినొకరు మాఫీ అడుగుతారు. అన్నవీ విన్నవీ క్షమించమని. ఇప్పుడది ఫోన్లో బొమ్మగా వస్తుంది, గులాబీ పువ్వు, చంద్రవంక, కింద నాలుగు మాటలు. ఆమె దగ్గర్నుంచి నాకూ వచ్చింది. అందరికీ పంపిన గులాబీయే నాకూ పంపింది. నేను ఫోన్ చేశాను.

"పువ్వుకు మాఫీ ఇవ్వను. మనిషివి రా."

మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది. టీ ఇచ్చాను. కప్పు తిప్పుతూ చెప్పింది.

"ఆ దినం నా డబుల్ కా మీఠాకు రొట్టె ముక్కలు కూడా దాంట్లనే వేయించిన ఆపా. గదే రకం డబ్బ. నీ తరఫున మాట్లాడితే నాది గూడ పారబోసేటోళ్ళు. నా కోడలి అమ్మ అక్కడనే ఉండె. మా ఇంట్ల ఏం తింటున్నమో అని ఊరంత పాకేది."

"అంటే ఆ రోజు నీ మీఠా అందరూ లొట్టలేసుకుంటా తిన్నారు."

తల దించుకుంది. "తిన్నరు."

నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు.

"మాఫ్ చెయ్ ఆపా. తప్పయింది."

"నాతో చెప్పింది చాల్లే. రంజాన్ మొదటి శనివారం హాల్లో చెప్పు. నువ్వే నేర్పావని, అది నెయ్యేనని. ఒక్క మాట. అప్పుడు మాఫ్."

"ఏడాదైంది. అందరు మర్చిపోయిన్రు. మల్ల ఎందుకు తవ్వుడు?"

"వాళ్ళు మర్చిపోలా, మాఫ్ చేశారు. రెండూ ఒకటి కాదు."

ఆమె ఏడ్చింది. నేను ఆపలేదు. చెప్తాననీ ఆమె అనలేదు, చెప్పననీ అనలేదు. టీ తాగకుండానే లేచింది. తలుపు దగ్గర కోటు వేసుకుంటుంటే వెనక మడత పడింది. సర్ది పెట్టాను. చేయి అలవాటు కొద్దీ పోయింది.

రంజాన్ వచ్చింది. ఎవరు ఏం తేవాలో గ్రూపులో పంచారు. నాకు పేపర్ ప్లేట్లు వచ్చాయి. మొదటి శనివారం అవే పట్టుకుని పోయాను. ఖర్జూరంతో ఉపవాసం విప్పాం. వరసల్లో నిలబడుతుంటే ఆమె ఆలస్యంగా వచ్చింది. ఖాళీ నా కుడి పక్కనే ఉంది. వచ్చి నిలబడింది. మా మధ్య జానెడు ఎడం ఉంది. నమాజు వరసలో సందు వదలకూడదు. నేను కాలు జరిపాను. భుజం భుజం తగిలింది.

నమాజు చివర ముందు కుడివైపు తిరిగి సలాం చెప్పాలి. తిరిగాను. ఆమె ముఖం ఎదురుగా ఉంది. నీ మీద శాంతి కలగాలి అని చెప్పాను. నమాజులో ఉన్న మాట కాబట్టి చెప్పాను, పూర్తిగా చెప్పాను, మింగేయలేదు. మాఫ్ అన్న మాట నమాజులో లేదు. నా దగ్గరా ఆ రోజు లేదు.

తర్వాత అందరం భోజనాల దగ్గరకు లేచాం. కొత్తగా వచ్చిన పిల్ల ఒకతె నన్ను తెలుగులో అడిగింది. "ఆంటీ, ఇందులో మీరు చేసిందేది?"

ఆమె నా పక్కనే ఉంది. వింది. నేను ఆగాను, ఒక మాటకు సరిపడా. ఆమె డబుల్ కా మీఠా గిన్నె మీద మూత తీస్తూ అటు తిరిగింది.

"నేనేం చేయలేదమ్మా. ప్లేట్లు తెచ్చా" అని, కట్ట విప్పి ఆ పిల్ల చేతికి ఒకటి ఇచ్చాను.