చుక్కల సందున తోట

మా వదినది సముద్రం అడుగును చూసే ఉద్యోగం. ఈత రాదు, పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. అందుకని, ఓడవాళ్ళు కెమెరా దింపి తీసుకొచ్చిన బొమ్మలను కిటికీ లేని ఏసీ గదిలో శాలువా కప్పుకుని చూస్తుంది. నేను దేశాలు పట్టి తిరిగి ఎన్నో సముద్రాలు చూశానని కోతలు కోస్తుంటాను గానీ, చూసిందంతా పైపైనే.

ఆమె పని పద్ధతి చిత్రమైనది. ప్రతి బొమ్మ మీదా కంప్యూటరు తనకు తోచినచోట కొన్ని చుక్కలు పెడుతుంది. చుక్క కింద ఏముందో అదే చెప్పాలి: ఇసుక, బురద, రాయి, పగడం. పక్కన ఏనుగున్నా పట్టించుకోకూడదు. ఏళ్ళ తరబడి ఇదే చేసి ఇంట్లోనూ అలాగే తయారైంది. అన్నయ్య కొత్త చొక్కా తొడుక్కుని ఎలా ఉన్నానే అంటే, గుండీ ఊడిందంటుంది.

ఆ వారం ఆమె చేతికి నీటడుగు గుట్ట ఒకటి వచ్చింది. అక్కడ పగడాల్లాంటి నాజూకైన ప్రాణులుంటే, అడుగంటా ఈడ్చే చేపల వలలను రానివ్వరు. లేకపోతే దారి తెరిచినట్టే. ఒక్కసారి వల ఈడిస్తే, పోయినవి మన మనవల కాలానికైనా తిరిగి మొలవవు. వదిన అంతా ఇసుకేనని రాసిచ్చేసింది. సోమవారం తీర్మానం.

ఆదివారం నా కళ్ళజోడు కనబడలేదు. బల్ల మీద చూడమన్నాను. వదిన చూసి, పేపరుందంది. వెళ్ళి చూద్దును కదా, పేపరు పక్కనే కళ్ళజోడు.

"దీని మీద చుక్క పడలేదేమో వదినా," అన్నాను.

అన్నయ్య పగలబడి నవ్వాడు. వదిన నవ్వలేదు. టీ సగంలో వదిలేసి, చెప్పులేసుకుని ఆఫీసుకు బయల్దేరింది. ఊసుపోక నేనూ వెంటపడ్డాను.

చుక్కలు తీసేసి, ఆ బొమ్మలు ఏరుకున్న అసలు వీడియో మొదటినుంచి పెట్టింది. ఇసుకే. ఆ ఇసుకలోంచి అక్కడొకటి ఇక్కడొకటి, చీపురుపుల్లంత సన్నని పగడపు కొమ్మలు, నీటి ఊపుకు తలలాడిస్తూ, గుట్ట పొడుగునా. చుక్కలన్నీ వాటి సందుల్లోనే పడ్డాయి.

"రూలు ప్రకారమే చూశాను మరిదీ," అంది మెల్లగా. తర్వాత పెద్దాఫీసరుకు ఫోను చేసింది. "సార్, గుట్ట మీద ఇసుకే అన్నాను కదా. నా పొరపాటు. తోటుంది సార్."

ఆయన ఆదివారప్పూట నిద్ర చెడిందని సణిగి, వీడియో పంపమన్నాడు. మర్నాడు ఆ గుట్ట మీదికి వలలు రాకూడదని తేల్చేశారు.

సాయంత్రం అన్నయ్య గుండీ కుట్టించుకున్న చొక్కాతో ఎదురుగా నిలబడ్డాడు. వదిన ఈసారి తలనుంచి కాళ్ళదాకా తీరిగ్గా చూసింది.

"చొక్కా బాగుందండీ," అంది. "చెప్పులే, రెండూ రెండు జతలవి."