ఎస్తేరత్త జాతి కోళ్ళు... మా అమ్మ కడుపుమంట

మా చిన్నప్పుడు పొద్దున లేస్తానే మా అమ్మ చూసేది మా కోళ్ళను కాదు... గోడవతల ఎస్తేరత్త కోళ్ళను.

ఎస్తేరత్త మా నాయనకు అక్క. బద్వేలు దగ్గర పల్లెలో ఆమె ఇల్లూ మా ఇల్లూ పక్కపక్కనే. నడుమ మొలెత్తు రాళ్ళగోడ. ఆమెవన్నీ అసలైన జాతి కోళ్ళు... నిక్కిన మెడ, బలమైన కాళ్ళు, ఎండలో మెరిసే ఎర్రటి ఈకలు. ఆదివారం చర్చి నుంచి వచ్చేవాళ్ళు కూడా నిలబడి చూసేవాళ్ళు.

మావేమో సైకిలు మీద గంపలో అమ్మకానికొచ్చిన పిల్లల్ని కొని పెంచినవి. గుడ్లు పెట్టేవి గానీ పొదిగేవి కావు. ఒక్కోటి ఒక్కో తీరు.

అత్త కూతురు కరుణ నా ఈడుది. పుంజును చంకలో పెట్టుకుని గోడ మీద కూర్చునేది. "ముట్టుకుంటావా?" అనేది... నేను చెయ్యి చాపేలోపల దించేసేది. నాకు ఏడుపొచ్చేది. పుంజు కోసం కాదు... దాన్ని పట్టుకున్నప్పుడు కరుణ మొహంలో కనిపించే ఆ గొప్ప కోసం.

ఒకరోజు అమ్మ మొహమాటం చంపుకుని గోడ దగ్గరికి పోయింది.

"వదినా, ఒక పెట్టపిల్లను ఇయ్యి. నేనూ సాక్కుంటా."

అత్త నూకలు చల్లతానే, "జాతి కోళ్ళు అందరిండ్లల్లో నిలవవులే రూతమ్మా. నీకెందుకీ పని" అనింది.

అమ్మ వెనక్కి తిరిగింది. ఇంట్లోకొచ్చి నాయనతో, "అట్లాంటి కోడి యాడుండాదో కనుక్కో. నేనే పోయి తెచ్చుకుంటా" అనింది.

ఇంక సంతలన్నీ తిరిగినాం. జాతిది, జాతిది అని చూపించేవాళ్ళు... అమ్మ రెక్క ఎత్తి, కాళ్ళు చూసి, "ఇది వేరే జాతి కలిసిందిలే" అని దించేసేది. చివరికి ఎవరో చెప్పినారు, నల్లమల కింద ఒక పల్లెలో ఒక అవ్వ దగ్గర ఉండాయని. బస్సు దిగి, ఎండలో శానా దూరం నడిచి పోయినాం.

అవ్వ మమ్మల్ని పంచలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. "కూరకా, సాకేదానికా?" అని అడిగింది.

"సాకేదానికే అవ్వా."

"ఇంట్లో కోళ్ళు లేవా?"

"ఉండాయి."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చినావు?"

అమ్మ ఏమీ దాచలేదు. "మా ఆడబిడ్డకు జాతివి ఉండాయి అవ్వా. నాకు లేవు."

అవ్వ శానాసేపు నవ్వింది. "ఇంత కడుపుమంట ఉండేదానివి... బాగానే సాక్కుంటావులే" అని ఒక పెట్టను, ఒక పడుచు పుంజును పట్టిచ్చింది.

వచ్చేటప్పుడు బస్సులో గంప నా ఒళ్ళోనే. లోపల పెట్ట కదిలినప్పుడంతా నాకు కరుణ గుర్తొచ్చేది. మేము ఇల్లు చేరి గంప తీసేసరికి అత్త గోడ దగ్గర నిలబడుకోనుంది. చూసింది... గిరుక్కున లోపలికి పోయింది. కరుణ ఆ సాయంత్రం గోడెక్కలేదు.

అమ్మ ఆ రెండింటినీ పసిబిడ్డల్లాగా చూసుకునింది. ఒక్కటి చచ్చినా ఆడబిడ్డ నవ్వుతాదని భయం. గంపలో పెట్టుకుని బద్వేలు పశువుల ఆసుపత్రికి తీసకపోయి తెగులు రాకుండా సూది కూడా వేయించింది. "కోళ్ళకు గూడ సూదులంట" అని అత్త గోడవతల నుంచి వినబడేటట్టు అనింది.

ఆ ఎండాకాలమే ఊరంతా కొక్కెర తెగులు వచ్చింది. కోళ్ళు మెడలు వంచుకుని రాలిపోయినాయి. అత్త దొడ్డి మొత్తం ఖాళీ అయిపోయింది. పుంజు పోయినరోజు కరుణ ఉత్త గూటి ముందర కూర్చుని ఏడ్చింది. నేను గోడ మీద నుంచి చూసి దిగేసినా.

సూది వేయించిన మా పెట్టా పుంజూ బతికినాయి. పెట్ట అప్పటికి గుడ్ల మీద ఉండాది.

కొన్నాళ్ళకు అత్త గోడ దగ్గరికి కాదు, వాకిట్లోకే వచ్చింది.

"నాలుగు గుడ్లు ఇయ్యి రూతమ్మా."

"గుడ్లు తీసకపోయి ఏం చేస్తావు వదినా? పొదిగేదానికి పెట్ట యాడుండాది నీకు?"

అత్త తల వంచుకునింది. "నీ పెట్ట అరుపు వినబడితే కడుపులో మండతాంది. నీకుండాయి, నాకు లేవు... అదే ఆలోచన పొద్దస్తమానం."

"నాకు తెలీదా ఆ మంట" అనింది అమ్మ. లోపలికి పోయి, పెట్టను గుడ్లతో సహా గంపలో ఎత్తుకుని వచ్చి అత్త చేతుల్లో పెట్టింది. "మీ ఇంట్లోనే పొదగనీ. పిల్లల్ని చెరిసగం చేసుకుందాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. కరుణ ఇంటికా మన పెట్ట? అని రెండ్రోజులు అమ్మతో మాట్లాడలేదు.

పిల్లలు బాగానే లేచినాయి. అత్త మాట ప్రకారం సగం తెచ్చిచ్చింది. పెట్ట మాత్రం మాది కాకుండా పోయింది... తీసుకొచ్చి కట్టేసినా, వదిలీ వదలంగానే గోడ దూకి అత్త దగ్గరికే పోయేది. "ఏం పెడతాందో దానికి మీ అత్త" అని అమ్మ ఎన్నేండ్లు సణిగిందో. ఇద్దరూ కలిసి నవ్వుకునేవాళ్ళు, మళ్ళా విడిపోయి ఎవరి పిల్లలు బాగా ఎదిగినాయో గోడ మీద నుంచి చూసుకునేవాళ్ళు.

ఇప్పుడు నేను కర్నూల్లో ఉంటాండా. ఇంటి వెనక కొంచెం జాగా ఉంటే ఆరేడు కోళ్ళు పెట్టినా. వాటిలో కలపడానికి ఒక జాతి పెట్ట కోసం వెతకతానే ఉన్నా. ఫోన్లో చూపించేది ఒకటి, తెచ్చిచ్చేది ఇంకొకటి. మా వీధిలో మిగతా అందరికీ గుడ్లు ఒకే అంగడి నుంచి వస్తాయి... ఎవరి కోడిని చూసీ ఎవరికీ కడుపు మండదు. ఆ మంట ఇంత తియ్యగా గుర్తొస్తుందని అప్పుడు ఎవరనుకున్నారు...

మీ ఇండ్లల్లో ఎవరన్నా ఇట్లా కోడి కోసం ఊర్లు తిరిగినారా? ఇప్పటికీ అసలు జాతివి సాకుతుంటే ఫోటోలు పెట్టండి... కుళ్ళుకుంటూనే చూస్తా.