మరియదాసు నింపిన ఫారం

మరియదాసుకి నడుంనొప్పి. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే అతను మేడమెట్లు ఎక్కుతున్నాడంటే ముందు వినిపించేది ఆ మూలుగే. పొద్దున్నే ఉయ్యూరులో సైకిలెక్కి, చెరుకు బళ్ళ మధ్య నుంచి ఊళ్ళన్నీ తిరిగి, సాయంత్రం బస్సు పట్టుకుని విజయవాడ వన్ టౌన్‌లో మా ఆఫీసుకి వచ్చేసరికి మనిషి సగమైపోయేవాడు. కింద బెల్లం గోడౌను, పైన మేము. మేమంటే డాక్టరు పద్మావతమ్మ గారు, ఆవిడ దగ్గర పనిచేసే నేను, మరియదాసు. అంతే.

డెబ్బై మూడులో మొదలైంది మా పని. మనిషి ఒంట్లో కణాలు పుట్టినప్పుడు ఉన్నట్టు ఉండవని, ఏళ్ళు గడిచేకొద్దీ వాటి లోపల చిన్న చిన్న తప్పులు చేరుతూ పోతాయని డాక్టరుగారు చెప్పేవారు. కణం రెండుగా చీలితే ఆ తప్పు రెండింట్లోకీ పోతుందట. ఒకటీ అరా అయితే ఫర్వాలేదు, పేరుకుంటే క్యాన్సర్. అందులో వయసు చేర్చేదెంత, పొగ చేర్చేదెంత? అదీ మేం తేల్చాల్సింది. దానికి మా వైపు ఆడవాళ్ళు దొరికారు. అడ్డపొగ తెలుసుగా? చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. నాట్లు వేస్తుంటే వాన పడ్డా నిప్పు ఆరదు, పక్కనున్నవాళ్ళకి కనబడదు. కాలేది మాత్రం అంగిలి.

ఆ అంగిలిని చెక్కపుల్లతో మెల్లగా గీకి, స్లైడు మీద పూసి, ఫారం నింపి తేవడం మరియదాసు పని. రంగు వేసి, మైక్రోస్కోపు ముందు కూర్చుని చెడిన కణాలు లెక్కపెట్టడం నా పని. స్లైడు మీద నంబరే ఉంటుంది, పేరుండదు. ఎవరిదో తెలిస్తే లెక్క అటో ఇటో మొగ్గుతుందని డాక్టరుగారి రూలు. రోజుకి వెయ్యి కణాలు చూసి చూసి, సాయంత్రానికి నాకు గోడ మీద కూడా మచ్చలే కనబడేవి. ఎందుకొచ్చిన ఉద్యోగంరా బాబూ అని ఎన్నిసార్లు అనుకున్నానో!

నాది కూర్చుని చేసే పని, అతనిది తిరిగి చేసే పని. "వయసెంతమ్మా?" అని అడిగితే, "పెద్ద గాలివాన వచ్చిన ఏడు ఈడేరానయ్యా" అనేవారట. "చుట్ట ఎప్పట్నించి?" అంటే, "మా అత్త పోయిన కాణ్ణించి." ఆ అత్త ఎప్పుడు పోయిందో తెలుసుకోవడానికి ఇంకో నాలుగు గడపలు ఎక్కాలి. ఎక్కేవాడు పాపం. నాలుగేళ్ళలో ఒక్క ఫారంలోనూ కాకిలెక్క రాయలేదు. అంతదాకా నేనే ఒప్పుకుంటాను.

అసలు చిక్కు చుట్ట ముట్టనివాళ్ళతో వచ్చింది. పోల్చి చూడ్డానికి వాళ్ళూ కావాలి కదా. "మాకే రోగమూ లేదు, మా నోరు నీకెందుకు? పోవయ్యా!" అని తలుపులు వేసేసేవారు. డాక్టరుగారు వారం వారం అడుగుతూనే ఉన్నారు. మరియదాసు నడుం పట్టుకుని తల దించుకునేవాడు.

అలా ఉండగా ఎనిమిది వందల పదిహేడో నంబరు స్లైడు నా దగ్గరికొచ్చింది. కేంద్రకాలు ఉబ్బిపోయి, పక్కన విరిగిన తునకలు. అడ్డపొగ బాగా ముదిరిన నోరు. ఎవరో మహాతల్లి అనుకుని లెక్క రాసి ఇచ్చేశాను. మర్నాడు డాక్టరుగారు ఆ నంబరు ఫారం చేత్తో పట్టుకుని నన్నూ మరియదాసునీ పిలిచారు.

"ఈవిడ చుట్ట ముట్టలేదని ఉందండీ ఇందులో."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏవయ్యా, స్లైడులు తారుమారు చేశావా? నాలుగేళ్ళ పని గంగలో కలిపావు గదయ్యా!"

"నేనా? మీ రంగే చెడిపోయి ఉంటుంది!" అన్నాడు మరియదాసు. అతను గొంతు పెంచడం అదే మొదటిసారి. "అది మా ఇంటిదాని స్లైడండీ. ఎవరూ ఒప్పుకోకపోతే ఆవిడదే తెచ్చాను. తెరేసమ్మ చుట్ట తాగుతుందా? మా గుళ్ళో పాట ఎత్తుకునేదే ఆవిడ!"

"దెబ్బలాట ఎందుకు? రేపు ఆవిణ్ణి తీసుకురండి" అన్నారు డాక్టరుగారు.

తీసుకొచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, తల నిండా కొంగు. "చూసుకోండింక" అన్నాడు నాతో, గుమ్మంలోనే. డాక్టరుగారు నోరు తెరవమని టార్చి వేశారు. అంగిలంతా తెల్లగా మందం కట్టి ఉంది, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు. వెనక వైపు ఒక పుండు. మరియదాసు వంగి చూశాడు. ఎనిమిది వందల నోళ్ళు చూసినవాడు, అతనికి ఒకరు చెప్పాలా?

"నువ్వే కదయ్యా గీకావు, చూళ్ళేదా?" అన్నాను.

"తెల్లారకముందండీ... పొయ్యి దగ్గర... ఊళ్ళకి బయల్దేరే టైమైపోతోందని..."

వాసన సంగతి నేను అడగలేదు. పుట్టినప్పట్నించీ చుట్టలవాళ్ళ మధ్యే తిరిగినవాడికి ఇంట్లో వాసనేం తెలుస్తుంది?

"ఎన్నాళ్ళ నుంచమ్మా?" డాక్టరుగారు అడిగారు.

"పంటినొప్పికని మొదలెట్టానండీ. పెద్దమ్మాయి కడుపులో ఉన్నప్పుడు. పద్దెనిమిదేళ్ళు."

"పుండు తీరు బాగాలేదు. ముక్క తీసి చూడాలి. ఏణ్ణర్ధం ముందు మానేసి వచ్చినా ఇంతదాకా పోయేది కాదమ్మా." ఆవిడ ఫారం మరియదాసు ముందు పెట్టారు. చుట్ట అలవాటు అన్న చోట అతని గుండ్రటి రాత, లేదు అని. "అడిగే రాశారా?"

మరియదాసు ఫారం బోర్లా తిప్పేశాడు. నాకు అతని మొహం చూడాలంటే భయమేసింది. పెళ్ళాం వైపు తిరిగాడు.

"నాకెందుకు చెప్పలేదే?"

తెరేసమ్మ కొంగుతో నోరు తుడుచుకుంది. కోపం లేదు ఆవిడ గొంతులో, అలసటే.

"ఊరూరా తిరిగి అందర్నీ అడిగొత్తన్నారు గదా, నన్నూ ఎప్పుడో అప్పుడు అడుగుతారనుకున్నా. మీరడిగితే ఆ వంకనన్నా మానేద్దామనుకున్నా. నాలుగేళ్ళు చూశా."